‘నన్ను సాగనంపెయ్’ అంటున్న తండ్రికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పాంక్రియాస్‌లో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందని ఆరు నెలల క్రితం తెలిసింది. నాలుగుసార్లు కీమో ఇచ్చాక ఇక ప్రయోజనం లేదని డాక్టర్లు ఆపేశారు. నెల క్రితం ఆయాసం వస్తే ఐసీయూలో ఆరు రోజులు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి ట్రమడాల్ మాత్ర ఇస్తున్నాం. అయినా రెండు, మూడు గంటల మధ్య నడుములోకి పాకే నొప్పితో లేచి కూర్చుని, “ఒక్క ఇంజెక్షన్ ఇప్పించి నన్ను సాగనంపెయ్యమ్మా” అని నా చేతులు పట్టుకుంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు అక్కడ ఇది చట్టబద్ధమేననీ, లేదంటే స్విట్జర్లాండ్ అయినా తీసుకెళ్దామనీ అంటున్నాడు. అమ్మ ఆ మాట వింటేనే మహాపాపమని ఏడుస్తోంది. మన దేశంలో దీనికి అనుమతి ఉందా? నేను ఏం చెయ్యాలి? నేను సరిగా నిద్రపోయి చాలా రోజులైంది. కొన్ని రాత్రులు ఆయనతో పాటు నేనూ పోతే బాగుండునని అనిపిస్తోంది. – ఒక కూతురు, కోదాడ

సమాధానం: అమ్మా, చట్టం సంగతి ముందు చెబుతాను. మీ నాన్నగారు అడుగుతున్న ఇంజెక్షన్‌కు మన దేశంలో అనుమతి లేదు. రోగి చేతులు జోడించి అడిగినా, కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినా, ప్రాణం తీయాలన్న ఉద్దేశంతో మందు ఎక్కించిన డాక్టరు మీద, ఆయన చేత ఎక్కించిన కుటుంబసభ్యుల మీద నరహత్య కేసు పెట్టవచ్చు. రోగి తానే మింగేలా మందు తెచ్చి చేతికి అందిస్తే అది ఆత్మహత్యకు సహకరించడం కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ ప్రకారం దానికి పదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. అందువల్ల తెలిసిన కాంపౌండరుతో మాట్లాడదామన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే దాన్ని ఇక్కడితో వదిలెయ్యండి.

అయితే మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు నా చూపు రెండు అంకెల దగ్గర ఆగిపోయింది. మాత్ర ఇస్తున్నది తొమ్మిదింటికి. ఆయన లేస్తున్నది రెండు, మూడు గంటల మధ్య. మామూలు ట్రమడాల్ మాత్ర పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. తొమ్మిదికి ఆరు కలిపితే మూడు. ఆయన మీ చేతులు పట్టుకుంటున్న వేళ, మాత్ర బలం అయిపోయే వేళ ఒక్కటే. పగటిపూట, నొప్పి అణిగి ఉన్నప్పుడు కూడా ఆయన ఈ మాట అంటున్నారా? మీరు రాయలేదు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఆయన కోరుకుంటున్నది చావునా, ఆ రాత్రి గడవడాన్నా అన్నది మీరు గానీ, న్యూజెర్సీలో ఉన్న మీ తమ్ముడు గానీ, ఈ సమాధానం రాస్తున్న నేను గానీ చెప్పలేం.

ముప్ఫై ఏళ్ళు జనరల్ మెడిసిన్ చూసిన డాక్టరుగా చెబుతున్నాను, పాంక్రియాస్ క్యాన్సర్ నొప్పికి ట్రమడాల్ చాలా సందర్భాల్లో చాలదు. కడుపు పైభాగంలో మొదలై వెన్నులోకి తొలుచుకుపోయే ఆ నొప్పికి మందు మార్ఫిన్. నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ మాత్రను నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వరు, గడియారం చూసి నాలుగు గంటలకొకసారి ఇస్తారు. నొప్పి తలెత్తకముందే తరువాతి మాత్ర లోపల ఉండాలన్నది అందులోని కిటుకు. రాత్రి నిద్ర చెడకుండా ఎలా సర్దాలో కూడా ఈ వైద్యం తెలిసిన డాక్టరు చెబుతారు. మలబద్ధకం తప్పక వస్తుంది గనుక మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు జత చేస్తారు. తొలి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తరువాత తగ్గుతుంది. అలవాటు పడిపోతారేమోనన్న భయం మన ఇళ్ళలో ఎక్కువ. డాక్టరు పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారి విషయంలో ఆ భయానికి ఆధారం చాలా తక్కువ. మార్ఫిన్ ఇస్తే ప్రాణం త్వరగా పోతుందన్నదీ అంతే, సరైన మోతాదులో ఆయుష్షును తగ్గించదు. ఆయాసాన్ని కూడా అది తగ్గిస్తుంది. దీనితో పాటు కడుపు వెనక ఉండే నరాల ముడిని ఇంజెక్షన్‌తో మొద్దుబార్చే పద్ధతి ఒకటుంది. పాంక్రియాస్ నొప్పికి ప్రత్యేకంగా చేసేది, అందరికీ కుదరదు గానీ అడగవలసిన విషయమే. నా మాట పట్టుకుని ట్రమడాల్ మాత్రలు మీరే పెంచకండి, దానివల్ల ఫిట్స్ రావచ్చు.

మరి ఈ మందు మీ వరకు ఎందుకు రాలేదు? 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక మార్ఫిన్ నిల్వ ఉంచడానికి ఆస్పత్రులకు అనేక లైసెన్సులు అవసరమయ్యాయి. ఆ గొడవెందుకని చాలామంది దాన్ని తెప్పించడమే మానేశారు. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయకుండానే పెరిగి పెద్దవారయ్యారు, నేనూ వారిలో ఒకణ్ణి. 2014లో చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్యసంస్థలు సులువుగా తెప్పించుకునే వీలు కల్పించారు గానీ, కాగితం మీద మారినంత వేగంగా చీటీ రాసే చెయ్యి మారదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యం) విభాగం ఎప్పటినుంచో పనిచేస్తోంది. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ తెలంగాణ ప్రభుత్వం ఈ కేంద్రాలను పెట్టింది. మంచం మీద ఉన్న రోగి ఇంటికే నర్సు వచ్చే ‘ఆలన’ సేవ మీ మండలానికి అందుతుందేమో సూర్యాపేట జిల్లా ఆస్పత్రిలో ఈ వారమే అడగండి. ఆయన్ను మోసుకుపోనక్కర్లేదు. రిపోర్టులు తీసుకుని మీరో, మీ ఇంట్లో మరొకరో వెళ్ళినా మాట మొదలవుతుంది.

ఇక మీ తమ్ముడి మాట. అతను అబద్ధం చెప్పలేదు. న్యూజెర్సీలో 2019 ఆగస్టు నుంచి అలాంటి చట్టం అమల్లో ఉంది. ఆరు నెలల లోపు మరణం తప్పదని ఇద్దరు డాక్టర్లు నిర్ధారించిన రోగి, కనీసం 15 రోజుల ఎడంతో రెండుసార్లు నోటితో అడిగి, ఇద్దరు సాక్షుల ముందు రాసిచ్చి, డాక్టరు రాసిన మందును తన చేతులతో తానే వేసుకోవాలి. కానీ ఆ రోగి ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి, అందుకు ఆధారాలు చూపాలి. విజిటర్ వీసా మీద వెళ్ళిన తండ్రికి అది వర్తించదు. స్విట్జర్లాండ్‌లో విదేశీయులను అంగీకరించే సంస్థలు ఉన్న మాట నిజమే. స్వార్థం లేకుండా చేసిన సహాయాన్ని అక్కడి శిక్షాస్మృతి నేరంగా చూడదు. అక్కడా చివరి చర్య రోగే చెయ్యాలి. నెలల తరబడి నడిచే ఉత్తర ప్రత్యుత్తరాలు, డాక్టర్లతో ముఖాముఖీలు, లక్షల్లో ఖర్చు అలా ఉంచండి. మంచం దిగి బాత్రూముకు వెళ్ళడానికి ఇద్దరి సాయం కావలసిన మనిషిని, భాష తెలియని ఊళ్ళో ఒక అద్దె గదికి తీసుకెళ్ళడం గురించి మనం మాట్లాడుతున్నాం. ఆయన అడిగినది అది కాదనుకుంటాను.

ఈ వివాదంలో నేను ఎటువైపు అని మీరు అడగలేదు గానీ, సలహా చెప్పేవాడు తన మొగ్గు ఎటో దాచకూడదు. ఇలాంటి చట్టం కావాలనే వారిని పాపాత్ములుగా చూసే వారితో నేను ఏకీభవించను. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి ఈ చట్టం నడుస్తోంది. అక్కడ ప్రతి ఏటా వేసే లెక్కల్లో రెండు సంగతులు కనిపిస్తాయి. మందుచీటీ తీసుకున్న వారిలో దాదాపు మూడో వంతు మంది ఆ మందు వేసుకోకుండానే సహజంగా పోతున్నారు. కావాలంటే దారి ఉందన్న ధీమాయే వారికి సరిపోతోందన్నమాట. రెండోది, అడిగే వారు చెప్పే కారణాల్లో నొప్పి ముందు వరుసలో లేదు. నా బతుకు నా చేతిలో లేకుండా పోతోంది, నాకు ఇష్టమైనవేవీ చెయ్యలేకపోతున్నాను, నా మర్యాద పోతోంది అన్నవే ముందు. జీవితమంతా తన పని తాను చేసుకున్న మనిషికి ఇవి చిన్న బాధలు కావు, వాటికి మార్ఫిన్ మందు కాదు. అందుకని, నొప్పి తగ్గిస్తే చాలు, ఎవరూ చావు కోరుకోరు అని బల్లగుద్ది చెప్పే డాక్టర్లను నేను నమ్మను. మీ నాన్నగారు నొప్పి పూర్తిగా అణిగాక కూడా వెళ్ళిపోతానని అనవచ్చు. దానికి మీరు సిద్ధపడి ఉండాలి.

అయినా మన దగ్గర ఈ చట్టం ఇప్పుడు రావాలని నేను కోరుకోను. మన ఇళ్ళలో ముసలివారి నోట ఎక్కువగా వినే మాట ఏమిటో మీకు తెలుసు: “నేను మీకు భారమైపోయాను.” వైద్యం కోసం ఎకరం పొలం అమ్మిన కొడుకు ముఖం రోజూ చూస్తున్న తల్లికి, ఆ దారి చట్టబద్ధమని తెలిసిన మరుక్షణం నుంచి బతికి ఉండడమే తాను సంజాయిషీ ఇచ్చుకోవలసిన విషయమవుతుంది. ఆమెను ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు. కెనడాలో 2016లో మొదలైనప్పుడు చావు దగ్గరపడిన వారికే అన్న నియమం ఉండేది, 2021లో ఆ షరతు తీసేశారు. హద్దు గీసిన చోట నిలవదన్న భయానికి ఆ పాటి ఆధారం ఉంది. అన్నిటికన్నా, నొప్పి మందు దొరకని చోట చావును ఎంచుకునే హక్కు ఇవ్వడం నాకు స్వేచ్ఛలా కనిపించదు. ముందు మార్ఫిన్ కోదాడ దాకా రానివ్వండి, తరువాత మాట్లాడుకుందాం అన్నది నా వాదన. న్యూజెర్సీలో ఉండి మీ తమ్ముడు మరోలా ఆలోచిస్తే అతని తప్పు లేదు.

ఈ ప్రశ్న మన ఊళ్ళకు కొత్తది కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ళ చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉండి, అవయవాలు పాడవకముందే దానం చేసేలా తనను వెళ్ళనివ్వమని కోరాడు. తల్లి అతని తరఫున హైకోర్టుకు వెళ్ళింది. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదు. కోర్టు అనుమతి ఇవ్వలేదు. కొద్ది రోజుల్లోనే అతను కన్నుమూశాడు, కళ్ళు మాత్రం దానం చేయగలిగారు. ఆ తరువాత అరుణా షాన్‌బాగ్ కేసు. 1973లో ముంబయి కేఈఎం ఆస్పత్రిలో వార్డుబాయ్ చేసిన దాడిలో మెదడు దెబ్బతిన్న ఆ నర్సును, 2015లో న్యుమోనియాతో పోయేదాకా దాదాపు 42 ఏళ్ళు తోటి నర్సులే చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపి వెళ్ళనివ్వండని ఒక రచయిత్రి సుప్రీంకోర్టును కోరితే, వద్దన్నది రోజూ ఆమె ఒళ్ళు తుడిచి, అన్నం మెత్తగా చేసి తినిపించిన ఆ నర్సులు. 2011లో కోర్టు వారి మాటే విన్నది. కానీ అదే తీర్పులో, కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్సను హైకోర్టు అనుమతితో ఆపవచ్చునని కూడా చెప్పింది.

మీకు పనికొచ్చేది ఆ తరువాతి భాగం. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. స్పృహ, తెలివి ఉన్న రోగి ఏ చికిత్సనైనా వద్దనవచ్చు. తెలివి తప్పాక ఏమేం చెయ్యకూడదో ముందే రాసి పెట్టవచ్చు. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. 2018లో దీనికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో రాసినవారు చాలా తక్కువ. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. తన తరఫున మాట్లాడవలసింది ఎవరో అందులో పేరు రాయాలి. ఆ అవసరం వచ్చిన రోజున ఆస్పత్రిలో మొదట ఒక డాక్టర్ల బోర్డు, తరువాత జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఉన్న రెండో బోర్డు చూసి ఒప్పుకుంటే, మేజిస్ట్రేటుకు కబురు పెట్టి వెంటిలేటర్ తీసేస్తారు. లివింగ్ విల్ లేకపోయినా దగ్గరి బంధువుల అంగీకారంతో ఇదే పద్ధతి నడుస్తుంది, కాకపోతే ఆ గదిలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసి వస్తుంది.

అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్నగారిని ఒక పెద్ద ఆస్పత్రి ఐసీయూలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచాం. గొట్టం పీక్కోకుండా రెండు చేతులూ గుడ్డపీలికలతో మంచానికి కట్టారు. మణికట్టు దగ్గర ఆ పీలిక ఒరుసుకున్న ఎర్రటి గీత, ఆయనకు చివరి స్నానం చేయిస్తున్నప్పుడు కూడా కనిపించింది. కోలుకోరని నాకు మూడో రోజే తెలుసు. ఆపమనడానికి ఆయన రాసిన కాగితం లేదు, నోరు తెరిచి అడగడానికి డాక్టరునై ఉండీ నాకు ధైర్యం లేదు. చివరికి అందరిలాగే, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామన్న ఫారం మీద దొంగలా సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

అందుచేత, మాస్టారు తెలివిగా ఉన్నప్పుడే ఆయన్నే అడిగి రాయించండి. మళ్ళీ ఐసీయూకు వెళ్తారా, వెళ్ళరా? ఊపిరి ఆగితే గుండె మీద నొక్కి, గొంతులో గొట్టం వెయ్యాలా? మింగలేని రోజున ముక్కులో పైపు కావాలా? ప్రాణం ఇంట్లో పోవాలా, ఆస్పత్రిలోనా? ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రాయండి, ఒక కాపీ రోజూ చూసే డాక్టరుకు ఇవ్వండి, ఒకటి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి అందినట్టు రాయించుకోండి. ఆ రాత్రి వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. కంగారులో 108కు చేస్తే వాళ్ళ ధర్మం ప్రకారం వాళ్ళు ఆస్పత్రికే తీసుకెళ్తారు.

అమ్మగారితో ఇంజెక్షన్ మాట ఇక ఎత్తకండి, ఆ అవసరం లేదు. వెంటిలేటర్ వద్దనడం ఆయుష్షును కోసెయ్యడం కాదని మాత్రం నెమ్మదిగా చెప్పండి. అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఆగిన భీష్ముడి కథ, గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్న పరీక్షిత్తు కథ ఆవిడకు మీకన్నా బాగా తెలిసి ఉంటాయి. వినోబా భావే 1982 నవంబరులో తిండీ మందులూ మానేసి కన్నుమూశారు. చంపడానికి, వెళ్ళేవారికి అడ్డు తొలగడానికి మధ్య మన పెద్దలు తేడా చూశారు. ఆ తేడా ప్రతి చోటా స్పష్టంగా ఉండదు. తిండి మానేసి మరణాన్ని ఆహ్వానించే జైనుల సల్లేఖన వ్రతం ఆత్మహత్యేనని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు అంటే, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. కానీ మీ ఇంటి విషయంలో అంత చిక్కు లేదు.

చివర్లో ఒక్క వాక్యంలో మీ గురించి రాసి వదిలేశారు. నేను వదలను. ఆయనతో పాటు పోతే బాగుండునన్న ఆలోచన నిద్రలేని మనిషికి వస్తుంది. వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకూడదు. 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి-మానస్, డబ్బు కట్టనక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. వారానికి మూడు రాత్రులు ఆయన దగ్గర మరొకరు పడుకోవాలి. అమ్మగారికి చేతకాకపోతే డబ్బిచ్చి మనిషిని పెట్టుకోండి, ఆ ఖర్చు న్యూజెర్సీ తమ్ముడు పెట్టుకోవాలి. విమానం టిక్కెట్ల కన్నా తక్కువే అవుతుంది. వీలైతే అతన్ని రెండు వారాలు వచ్చి ఆ రెండు గంటల వేళ తండ్రి దగ్గర కూర్చోమనండి.

ఈ రాత్రి ఆయన మళ్ళీ అడిగితే, “అలాంటి మాటలు అనకండి నాన్నా” అని నోరు మూయించకండి. “ఏది ఎక్కువ బాధగా ఉంది నాన్నా?” అని అడిగి ఆగండి. నొప్పి అనవచ్చు. మీ అమ్మ ఏమవుతుందోనని అనవచ్చు. కూతురి చేత బట్టలు మార్పించుకోవలసి వచ్చిందే అనవచ్చు. అదే అయితే ఆ పనికి ఒక మగ అటెండరును పెడితే సగం తీరుతుంది. రాత్రి చెప్పిన దాన్నే పొద్దున కాఫీ అయ్యాక మళ్ళీ అడగండి, రెండు జవాబులూ ఒకటేనా చూడండి.

అలాగే ఒక తెల్లకాగితం తీసుకోండి. మాత్ర వేసిన టైము, నొప్పి మొదలైన టైము, పదికి ఎంత నొప్పి, ఆ వేళ ఆయన అన్న మాట – ఈ నాలుగు గడులు వారం రోజులు నింపి పాలియేటివ్ కేర్ డాక్టరుకు చూపించాలి. గడులు మీరు గీయకండి, స్కేలు ఆయన చేతికే ఇవ్వండి. వారం తరువాత ఆ కాగితంలో ఏముందో నాకు రాయండి.